ఇప్పటి పాలన కూలితే, ఇరాన్ చివరి రాజు (షా) కొడుకు రెజా పహ్లవి అక్కడ తాత్కాలిక ప్రభుత్వాన్ని నడపగలడా?

నా లెక్కలో కష్టమే. 1978లో పైలట్ ట్రైనింగ్ కోసం అమెరికా వెళ్ళాడు, మరుసటి ఏడాదే విప్లవంలో నాన్న సింహాసనం పోయింది, అప్పట్నుంచి బయటే ఉన్నాడు, చేతిలో సైన్యం లేదు. రాజరికమా రిపబ్లిక్కా జనమే ఓటేసి తేల్చుకోవాలి, అప్పటిదాకా నేను నడిపిస్తా అంటాడు గానీ, షా కాలం నాటి సావాక్ అనే రహస్య పోలీసుల్ని మర్చిపోని వాళ్ళు నమ్మాలి కదా.

అసలు జరగదని కాదు. బల్గేరియా మాజీ రాజు సిమియన్ 9 ఏళ్ళప్పుడు దేశం వదిలాడు, 2001లో సొంత పార్టీ పెట్టి 240 సీట్లలో 120 గెలిచి ప్రధాని అయ్యాడు, అదీ ఓట్లతో, కిరీటంతో కాదు. ఆఫ్ఘన్ మాజీ రాజు జహీర్ షా గద్దె దిగిన 29 ఏళ్ళ తర్వాత 2002లో తిరిగొస్తే మాత్రం లోయా జిర్గా (దేశం నలుమూలల పెద్దల మహాసభ) ప్రారంభం చేయించి, జాతిపిత బిరుదిచ్చి పక్కన కూర్చోబెట్టారు, కుర్చీ కర్జాయ్‌కి పోయింది.