చిన్నా, ఆ కేబుల్ విషయం ముందు విను

చిన్నాకు మావయ్య ఆశీస్సులు.

వాట్సాప్‌లో నువ్వు పంపిన ఫొటోలు చూశాను. 1978 బ్లేజర్, 350 ఇంజన్, కింద తుప్పు కూడా పెద్దగా లేదు. మంచి బండే కొన్నావు. మీ అమ్మ మాత్రం "ఆ పాత ఇనుము వాడికెందుకు అన్నయ్యా" అని ఫోన్‌లో గంటసేపు నన్నే తిట్టింది.

మూడు గేర్ల టర్బో 350 గేర్‌బాక్స్ తీసేసి, నాలుగు గేర్ల 700ఆర్4 పెడతానన్నావు. పెట్టొచ్చు. ఫస్ట్ గేరు రేషియో 2.52 నుంచి 3.06 అవుతుంది, బండి చులాగ్గా కదులుతుంది. పైన 0.70 ఓవర్‌డ్రైవ్ వస్తుంది, అంటే షాఫ్ట్ కన్నా ఇంజన్ నెమ్మదిగా తిరిగే గేరు. కానీ ముందు నీ యాక్సిల్ రేషియో, అంటే చక్రం ఒక చుట్టు తిరిగితే షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరుగుతుందో, తేల్చుకో. వెనక చక్రాలు రెండూ లేపి స్టాండ్ల మీద నిలబెట్టు, ముందు చక్రాలకు అడ్డాలు పెట్టు, ట్రాన్స్‌ఫర్ కేస్ (గేర్‌బాక్స్ బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టె) న్యూట్రల్‌లో ఉంచు. వెనక చక్రాలకు వెళ్లే షాఫ్ట్ మీద సుద్దతో గీత గీసి, ఇద్దరు కలిసి రెండు చక్రాలనూ ఒకే చుట్టు తిప్పండి. షాఫ్ట్ మూడు చుట్లు దాటి ఆగిపోతే అది 3.08. నాలుగుకు కాస్త ముందు ఆగితే 3.73. 31 అంగుళాల టైర్లతో, 3.73తో, 65 మైళ్ల వేగంలో ఇంజన్ ఇప్పుడు నిమిషానికి 2,600 చుట్ల దాకా తిరుగుతుంది. ఓవర్‌డ్రైవ్‌లో అది 1,850కి దిగుతుంది, చెవులకు హాయి. 3.08 అయితే 1,500కి పడిపోయి మూలుగుతూ పోతుంది. అలాంటప్పుడు ఈ ఖర్చంతా దండగ.

గేర్‌బాక్స్ ఒక్కటే కొనకు. ఫోర్ వీల్ డ్రైవ్ బండిలోంచి, దాని ట్రాన్స్‌ఫర్ కేస్, మధ్యలోని అడాప్టర్‌తో సహా తీసుకో. టూ వీల్ డ్రైవ్‌ది చవగ్గా దొరుకుతుంది గానీ, దాని వెనక నుంచి బయటికొచ్చే షాఫ్ట్ వేరు, నీకు పనికిరాదు. 1987 తర్వాతదైతే మేలు, మొదట్లో వచ్చినవి బలహీనం. నీ బండిలో ఇప్పుడున్న 203 ట్రాన్స్‌ఫర్ కేస్ ఎప్పుడూ నాలుగు చక్రాలనూ తిప్పే రకం. దాన్ని తీసేస్తున్నావు కాబట్టి ముందు చక్రాలకు లాకింగ్ హబ్స్ (అవసరమైనప్పుడే చక్రాన్ని యాక్సిల్‌కి కలిపేవి) వేయించు. షాఫ్టుల పొడవు కూడా మారుతుంది. అంతా బిగించి, బండి తన చక్రాల మీద నిలబడ్డాకే కొలతలు తీసుకో.

కన్వర్టర్ (ఇంజన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించేది) దగ్గర తొందరపడకు. లోపలికి నొక్కుతూ మెల్లగా తిప్పితే 'టక్' మని ఒక మెట్టు దిగుతుంది. ఇంకా తిప్పు, ఇంకోటి, ఆ తర్వాత ఇంకోటి. రెండో దానికే అయిపోయిందనుకుంటారు చాలామంది. బెల్ హౌసింగ్ (గేర్‌బాక్స్ ముందున్న గంట లాంటి భాగం) చేత్తో నెడితేనే ఇంజన్‌కి ఆనుకోవాలి. ఆనకపోతే బోల్టులతో లాగకు, లోపలి పంపు పగులుతుంది. సరిగ్గా కూర్చుంటే కన్వర్టర్ చేత్తో తిరుగుతుంది, ఇంజన్ వెనకున్న పళ్లెం లాంటి ఫ్లెక్స్‌ప్లేట్‌కి మూడు నుంచి అయిదు మిల్లీమీటర్ల సందు ఉంటుంది.

ఇక టీవీ కేబుల్, అంటే థ్రాటిల్ వాల్వ్ కేబుల్. (మీ అత్త ఇంట్లో టీవీకి వచ్చే కేబుల్ అనుకుంది, నువ్వు నవ్వకు.) కార్బురేటర్ నుంచి గేర్‌బాక్స్‌కి వెళ్లే తీగ అది. నీ పాత టర్బో 350కి కూడా అలాంటిదే ఒకటుంది, కానీ అది కిక్‌డౌన్‌కి (పెడల్ గట్టిగా తొక్కినప్పుడు కింది గేరుకు దిగడానికి) మాత్రమే, ఊడినా బండి నడుస్తుంది. 700ఆర్4లో ఈ తీగే లోపలి ఆయిల్ ప్రెషర్‌ని నిర్ణయిస్తుంది. వదులుగా ఉంటే ప్రెషర్ చాలక క్లచ్‌లు జారి మాడిపోతాయి.

1996లో నా సబర్బన్‌కి ఇదే మార్పు చేశాను. కేబుల్ బ్రాకెట్ ఇంకా రాలేదు. పక్కనున్న గ్యాస్ స్టేషన్ దాకానే కదా, కేబుల్ లేకుండా వెళ్లొద్దాం అనుకున్నాను. అక్కడితో ఆగానా? బాగానే పోతోంది కదా అని హైవే ఎక్కాను. ఇంటికొచ్చి డిప్‌స్టిక్ లాగి చూస్తే ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ మాడిన పాకంలా నల్లబడింది, వాసన ముక్కు పగిలేలా. కొత్తగా రీబిల్డ్ చేయించిన గేర్‌బాక్స్ మళ్లీ విప్పాల్సి వచ్చింది.

అందుకని చెబుతున్నా. పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు కేబుల్ పూర్తిగా లాగబడాలి, ఐడిల్‌లో వదులు అస్సలు ఉండకూడదు. నీ కార్బురేటర్ బండితో వచ్చిన అసలుది కాకపోతే ఈ రెండూ ఒకేసారి కుదరవు, దానికి సరిపడే బ్రాకెట్ విడిగా కొనాలి. సెట్ చేశాక గేజ్ పెట్టి ప్రెషర్ చూడు, కంటితో చూసి నమ్మకు.

లాకప్ (కన్వర్టర్ జారకుండా ఇంజన్‌ని నేరుగా గేర్‌బాక్స్‌కి కలిపేది) వైరు బ్రేక్ స్విచ్ మీదుగా వేయి, లేకపోతే సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆగిపోతుంది. అసలు లాకప్పే కలపకపోతే ఓవర్‌డ్రైవ్‌లో వేడెక్కుతుంది. కూలర్ ఒకటి అదనంగా పెట్టు.

వచ్చే నెల మేం డాలస్ వస్తున్నాం. ట్రాన్స్‌మిషన్ జాక్, ప్రెషర్ గేజ్ నా ట్రక్కులో తెస్తాను. అప్పటిదాకా పాతది విప్పి కడిగి పెట్టుకో చాలు, కొత్తది స్టార్ట్ చేయకు.

మీ మావయ్య