సమాధానం: ఎరుపు కాంతి లెక్క ఎక్కడ తప్పింది?

తమ్ముడూ, 700 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం (ఒక్క తరంగం పొడవు) ఉన్న ఎరుపు కాంతికి పౌనఃపున్యం (సెకనుకు ఎన్ని తరంగాలో ఆ లెక్క, హెర్ట్జ్‌లల్ల) 4.28 లక్షల హెర్ట్జ్ వచ్చిందన్నవు. సూత్రం (పౌనఃపున్యం = కాంతి వేగం ÷ తరంగదైర్ఘ్యం) సరిగనే పట్టినవ్, నానోని మర్చిపోయినవ్. కాంతి వేగాన్ని, అంటే సెకనుకు 30 కోట్ల మీటర్లను, నేరుగ 700తో భాగిస్తే వచ్చేది 700 మీటర్ల రేడియో తరంగం లెక్క. అది కంటికి కనపడదు! 700 నానోమీటర్లంటే 7 × 10⁻⁷ మీటర్లు. ఇప్పుడు భాగించు: 4.28 × 10¹⁴ హెర్ట్జ్.

‘తరంగదైర్ఘ్యం ఎక్కువైతే పౌనఃపున్యం ఎందుకు తగ్గాలె’ అని కూడా అడిగినవ్. చెర్వుగట్టు జాతరల తండ్రి వేలు పట్టుకొని నడిచే పోరణ్ణి చూసినవా? ఇద్దరి వేగం ఒక్కటే. తండ్రి రెండడుగులేసేలోపు పోరడు ఐదేస్తడు. అడుగు పొడవు తరంగదైర్ఘ్యం అనుకో, అడుగుల లెక్క పౌనఃపున్యం అనుకో. శూన్యంల కాంతి వేగం సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు, రేడియో తరంగమైనా, ఎరుపైనా, ఊదా అయినా అంతే. 100 మెగాహెర్ట్జ్ ఎఫ్ఎం తరంగం అడుగు 3 మీటర్లు, 400 నానోమీటర్ల ఊదా కాంతిది వెంట్రుక మందంల వందో వంతు కూడ ఉండదు. అందుకే దాని పౌనఃపున్యం 7.5 × 10¹⁴ హెర్ట్జ్.

ఒక్క మెలిక: నీళ్లల్లకు పోతే వేగం తగ్గుతది, పౌనఃపున్యం మారదు. కురుచయ్యేది తరంగదైర్ఘ్యమే, 700 నానోమీటర్లు కాస్తా 526 అయితది. పరీక్షల దీన్నే తిప్పి అడుగుతరు.