పిలవని పేరంటానికి వచ్చిన చేపపిల్లలు

ప్రశ్న: మా బాబు పుట్టినరోజుకని నెల్లూరు నుంచి రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న గాజుతొట్టినీ, ఐదు గప్పీలనూ, రెండు గోల్డ్‌ఫిష్‌లనూ తెచ్చాము. గప్పీల్లో మగది ఒక్కటే. అది మూడో రోజునే చనిపోయింది. మూడు వారాల తరువాత ఒక ఉదయం తొట్టి మూలన, గసగసాలంత కళ్లతో, దాదాపు ఒళ్లే కనిపించని పిల్లలు తిరుగుతున్నాయి. బాబు లెక్కపెడితే 17 ఉన్నాయి. సాయంత్రానికి 9 మిగిలాయి. భయపడి వాటిని టీ వడగట్టే జల్లెడతో తీసి ఒక స్టీలు గిన్నెలో వేశాము. మా బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి కనుక, మేము తాగడానికి తెప్పించుకునే క్యాను నీళ్లే గిన్నెలో పోసి, ఉడికించిన గుడ్డు పచ్చసొన సగం నలిపి వేశాము. తెల్లారేసరికి నీళ్లు కుడితిలా మారి, 6 పిల్లలే మిగిలాయి. మగచేప లేకుండా అసలు పిల్లలెలా పుట్టాయి? మేము చేసిన తప్పేమిటి?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: ఈ సంచిక మీ చేతికి అందేనాటికి ఆ ఆరు పిల్లల సంగతి ఎటో ఒకటు తేలిపోయి ఉంటుంది కనుక, గిన్నెలోంచి వెంటనే తీసి తొట్టి నీటిలోనే ఉంచమని మీకు ఫోనులో ముందే చెప్పాము. అయితే గప్పీ ఇంచుమించు నాలుగు వారాలకొకసారి పిల్లలు పెడుతుంది. అంటే మీరిది చదివే సమయానికి రెండో కాన్పు దగ్గరపడి ఉంటుంది. ఈ జవాబు ఆ కాన్పును దృష్టిలో పెట్టుకుని రాస్తున్నది.

మగచేప పోయింది కదా, మళ్లీ కాన్పు ఎక్కడిదని మీరు అడగవచ్చు. గప్పీ, మోలీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ అనేవి గుడ్లు పెట్టకుండా నేరుగా పిల్లలనే పెట్టే చేపలు. వీటిలో ఆడచేప ఒక్కసారి మగదానితో కలిస్తే చాలు, ఆ వీర్యాన్ని నెలల తరబడి శరీరంలో దాచుకొని, దానితోనే ఒకదాని వెంట ఒకటిగా అనేక కాన్పులు వెళ్లదీయగలదు. దుకాణాల్లో ఆడా మగా ఒకే తొట్టిలో ఉంటాయి కాబట్టి, అక్కడి నుంచి వచ్చిన పెద్ద ఆడగప్పీ ఏదైనా చూలుతోనే వచ్చిందని అనుకోవడం మంచిది. మీ దగ్గర ఉన్న నాలుగూ ఆడవే కనుక పిల్లలు పెట్టేది ఒక్కటే కాకపోవచ్చు.

ఇక జరిగినదాన్ని ఒక్కొక్కటిగా చూద్దాము. మొదటి రోజు పగలు తగ్గిన ఎనిమిదింటిని ఎక్కువగా పెద్ద చేపలే తినివేసి ఉంటాయి. గప్పీకి తన పిల్ల, పరాయి పిల్ల అనే తేడా లేదు. నోట్లో పట్టేది ఏదైనా దానికి మేతే. గోల్డ్‌ఫిష్ నోరు ఇంకా పెద్దది. కనుక పిల్లలను వేరు చేయాలన్న మీ ఆలోచనలో తప్పేమీ లేదు, వేరు చేసిన తీరులోనే ఉంది.

రెండు లీటర్లు కూడా పట్టని గిన్నెలో వేసిన అర పచ్చసొన ఆ పిల్లలకు కొన్ని రోజులకు సరిపడేంత మేత. తినగా మిగిలినది మన ఎండలకు కొన్ని గంటల్లోనే కుళ్లి, నీటిలో సూక్ష్మజీవులు విపరీతంగా పెరుగుతాయి. మీరు చూసిన కుడితి రంగు అదే. ఆ సూక్ష్మజీవులు ప్రాణవాయువును పీల్చుకుంటాయి, కుళ్లిన పదార్థం నుంచి అమ్మోనియా పుడుతుంది. పాతబడిన తొట్టిలోనైతే ఫిల్టర్ స్పాంజిలోనూ, రాళ్ల మీదా నివసించే మంచి బాక్టీరియా ఆ అమ్మోనియాను అంత హాని లేని పదార్థంగా మారుస్తుంది. స్టీలు గిన్నెలో ఆ పని చేసేవారు ఎవరూ ఉండరు. ఈ బాక్టీరియా స్థిరపడడానికి కొత్త తొట్టికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది కనుక, మూడు వారాల మీ పెద్ద తొట్టి కూడా అప్పటికి పూర్తిగా కుదురుకోలేదు.

క్యాను నీళ్ల విషయంలో మీ ప్రేమే పిల్లల పాలిట శత్రువైంది. ఆర్‌వో యంత్రం నీటిలోని లవణాలను చాలావరకు తీసివేస్తుంది. అది మన నోటికి తియ్యగా ఉండవచ్చు గానీ, ఉప్పనీటిలో పుట్టిన పిల్లను ఒక్కసారిగా అందులో వేస్తే దాని ఒంట్లోకి నీరు చొరబడే వేగం హఠాత్తుగా పెరుగుతుంది, అర అంగుళమైనా లేని ప్రాణి ఆ మార్పును తట్టుకోవడం కష్టం. పైగా గప్పీ, మోలీ జాతులకు లవణాలు గల కఠినజలమే సరిపడుతుంది. మన తీరప్రాంతంలో ఎందరో విసుక్కునే కాస్త ఉప్పని బోరు నీరు వీటికి మాత్రం వరమనే చెప్పాలి. మీ తల్లి చేపలు మూడు వారాలు ఆ నీటిలో నిక్షేపంగా ఉన్నాయంటే అంతకన్నా రుజువు అక్కరలేదు.

వచ్చే కాన్పుకు ముందు మీరు తేల్చుకోవలసింది ఒకటుంది: ఎన్ని పిల్లలు బతకాలని మీరు కోరుకుంటున్నారు? మీ తొట్టి పట్టేది 56 లీటర్లు, అంచుదాకా నింపరు కాబట్టి అందులో ఉండే నీరు 50 లీటర్లు. అందులో 15, మహా అయితే 20 పెద్ద గప్పీలు హాయిగా ఉంటాయి. ఎదిగిన ఒక్కో తల్లి కాన్పుకు 20, 30 పిల్లలు పెట్టడం మామూలే, అంతకు మించీ పెట్టవచ్చు. పుట్టిన ప్రతి పిల్లా బతకాలని పట్టుబడితే ఆరు నెలల్లో మీ ఇంట్లో బిందెలు కూడా మిగలవు. కాన్పుకు నాలుగైదు చొప్పున నిలబడినా చాలునని మా అభిప్రాయం. అది క్రూరంగా తోచవచ్చు, బాబుకు చెప్పడం అంతకన్నా కష్టం కావచ్చు. కానీ కిక్కిరిసిన తొట్టిలో అన్నీ కలిసి రోగంతో పోవడం ఇంకా చూడలేని దృశ్యం.

నాలుగైదు నిలబడితే చాలనుకున్నప్పుడు గిన్నెలూ, ప్రత్యేకమైన పెట్టెలూ అక్కరలేదు, తొట్టిలో దట్టంగా నాచు ఉంటే చాలు. దుకాణంలో దొరికే నాచు తెచ్చి ఒక మూల గుబురుగా వదలండి; అంతరతామర మొక్క ఒకటి పైన తేలనిచ్చినా దాని వేళ్ల మధ్య పిల్లలు చక్కగా దాక్కుంటాయి. కాలువ నుంచి తెచ్చిన మొక్కనైతే ముందు కడిగి, లేత గులాబీ రంగు వచ్చేటంత పొటాషియం పర్మాంగనేటు కలిపిన నీటిలో పది నిమిషాలు ఉంచి, మళ్లీ కడిగి వేయండి. లేకపోతే దానితోపాటు వచ్చే తూనీగ పిల్లపురుగు మీ గప్పీల కన్నా శ్రద్ధగా చేపపిల్లలను వేటాడుతుంది. గోల్డ్‌ఫిష్‌లు మాత్రం ఈ తొట్టిలో ఉండదగినవి కావు. అవి జానెడు పెరుగుతాయి, చల్లని నీటిని కోరుతాయి, నీటిని పాడుచేయడంలో వాటికి సాటి లేదు. వాటిని వేరే తొట్టికి మార్చండి, లేదా దుకాణానికి తిరిగి ఇవ్వండి.

అంతకన్నా ఎక్కువ పిల్లలను కాపాడాలనుకుంటే తొట్టి లోపలే వేలాడే వల పెట్టెను కొనవచ్చు. నీరు అదే కనుక మార్పు ఉండదు. అందులో పిల్లలను ఉంచండి గానీ, తల్లిని ఉంచకండి. కడుపు నలుచదరంగా ఉబ్బి, వెనుక భాగంలోని నల్లమచ్చ ముదిరి, మేత మానేసి ఒక మూలన ఒంటరిగా నిలిచిందంటే కాన్పు దగ్గరపడిందని గుర్తు. ఆ సమయంలో దాన్ని పట్టి ఇరుకు పెట్టెలో వేస్తే బెదిరి నెలలు నిండని పిల్లలను విడిచే ప్రమాదం ఉంది.

మేత విషయానికి వస్తే, గప్పీ పిల్ల పుట్టిన కొద్ది గంటలకే నోరు తెరిచి తింటుంది. పెద్ద చేపల మేతనే రెండు వేళ్ల మధ్య పిండిగా నలిపి, రోజుకు మూడు నాలుగుసార్లు చిటికెడులో చిటికెడు వేయండి. పది నిమిషాల తరువాత కూడా మేత అడుగున కనిపిస్తే మీరు ఎక్కువ వేసినట్లే. దాన్ని సన్నని గొట్టంతో లాగివేయండి. పచ్చసొన వాడాలనుకుంటే అగ్గిపుల్ల తలంత చాలు, అదీ వారానికి ఒకటి రెండుసార్లే.

అన్నిటికన్నా మేలైన మేత మీ చుట్టుపక్కలే ఉంది. కావలి నుంచి మైపాడు దాకా తీరం వెంట రొయ్యపిల్లల హేచరీలలో పనిచేసేవారు ఎవరైనా మీకు తెలిస్తే, ఆర్టీమియా (ఉప్పునీటిలో పెరిగే, రొయ్యను పోలిన అతి చిన్న జీవి) అనగానే వారికి వివరించే పని ఉండదు. డబ్బాలలో వచ్చే ఆ గోధుమరంగు పొడి నిజానికి నిద్రలో ఉన్న గుడ్లు. డబ్బా మొత్తం ఇంటికి అనవసరం, రెండు మూడు చెంచాలు నెలల తరబడి సరిపోతాయి. తడి తగలకుండా ఫ్రిజ్‌లో దాచుకోవాలి. లీటరు నీటిలో 25 నుంచి 30 గ్రాముల కల్లుప్పు కరిగించి, పావు చెంచా గుడ్లు వేసి, ఎయిర్ పంపు గొట్టం అడుగుదాకా పెట్టి బుడగలు వదలండి. 28 డిగ్రీల వేడిలో సుమారు 24 గంటలకు నారింజరంగు పిల్లలు పొదుగుతాయి. గాలి ఆపి ఒక పక్కన దీపం పెడితే పిల్లలు వెలుతురు వైపు చేరతాయి, పెంకులు పైకి తేలతాయి. పిల్లలను గొట్టంతో లాగి పాత పంచె ముక్కలో వడగట్టి, మామూలు నీటితో కడిగి వేయండి. పొదిగిన కొద్ది గంటల్లోనే వాటిలో బలం ఎక్కువ. కదిలే మేతను గప్పీ పిల్లలు వెంటాడడం చూస్తే మీ బాబు టీవీ వైపు చూడడు.

వారానికి ఒకసారి నాలుగోవంతు నీరు తీసి, అదే బోరు నీటిని, అదే వేడిలో, నెమ్మదిగా పోయండి. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కాక, తొట్టిలోంచి తీసిన నీటిలోనే పిండండి. వేసవిలో తొట్టిని కిటికీ దగ్గర ఉంచవద్దు. వేడెక్కిన నీటిలో ప్రాణవాయువు తక్కువగా నిలుస్తుంది కనుక మూత తీసి, నీటి మీదుగా ఫ్యాను గాలి పారనివ్వండి. కరెంటు పోయినప్పుడు మేత వేయకపోవడం మేలు.

నెల నిండేసరికి ఆడా మగా తేడా తెలుస్తుంది. కడుపు కింది రెక్క విసనకర్రలా ఉంటే ఆడది, సన్నని పుల్లలా మారితే మగది. అప్పుడే వేరు చేయగలిగితే చేయండి. రెండు నెలలు నిండే వేళకు మగవి జతకట్టడానికి సిద్ధమవుతాయి, వాటికి అక్కాచెల్లెళ్లన్న పట్టింపు లేదు.

ప్రశ్న: మోలీ పిల్లలు 12 పుట్టాయి. పెద్ద చేపలను వేరే తొట్టిలోకి మార్చినా రోజుకు రెండు మూడు మాయమవుతున్నాయి. శవాలు కూడా కనిపించడం లేదు. కుళాయి వచ్చిన రోజున సగం నీరు మారుస్తున్నాము.
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: ఫిల్టర్ విప్పి చూడండి, శవాలు అక్కడే ఉండవచ్చు. నీటిని గట్టిగా లాగే ఫిల్టర్‌కు పిల్లలు ఎదురీదలేవు. గొట్టం మూతికి స్పాంజి ముక్క తొడగండి, లేదా ఎయిర్ పంపుతో నడిచే స్పాంజి ఫిల్టర్‌కు మారండి. రెండవది, కుళాయి నీటిని వచ్చిన వెంటనే పోయడం మానండి. పురపాలక నీటిలో క్లోరిన్ కలుపుతారు. వెడల్పు మూతి తొట్టిలో ఒక రోజంతా నిలవ ఉంచి, వీలైతే బుడగలు వదిలి, ఆ తరువాత వాడండి. తొందరైతే దుకాణాల్లో దొరికే క్లోరిన్ విరుగుడు చుక్కలు ఉన్నాయి. సగం నీరు మార్చడం కూడా చిన్న పిల్లలకు ఎక్కువే.

ప్రశ్న: మా తొట్టిలో నీటి మీద సబ్బు నురుగులాంటిది గుంపుగా తేలుతోంది. గౌరామి చేప ఒకటి దాని కిందే ఉండి మిగిలిన వాటిని తరుముతోంది. నీరు పాడైందా?
– ఒక పాఠకురాలు, కందుకూరు

జవాబు: పాడు కాలేదు, దాన్ని తీసివేయకండి. అది మగ గౌరామి కట్టిన గూడు, అందులో గుడ్లు ఉండవచ్చు. ఈ జాతిలో కాపలా పని తండ్రిదే, తల్లిని కూడా దగ్గరకు రానివ్వదు; కాబట్టి మిగిలిన చేపలను వేరే తొట్టికి మార్చండి. పిల్లలు గూడు విడిచి అడ్డంగా ఈదడం మొదలుపెట్టిన రోజున తండ్రిని కూడా తీసివేయాలి. గప్పీ పిల్లలతో పోలిస్తే ఇవి మరీ చిన్నవి, పొడి మేత కూడా వాటి నోటికి పెద్దదే. ఒక సీసా తొట్టి నీటిలో అరటి తొక్క ముక్క వేసి వెలుతురులో కొన్ని రోజులు ఉంచితే పుట్టే సూక్ష్మజీవులున్న నీటిని చుక్కలుగా వేయండి. ఇవి కొంత ఎదిగాక నీటి పైకి వచ్చి గాలి పీల్చడం నేర్చుకుంటాయి. ఆ వారాల్లో చల్లగాలి తగలకుండా తొట్టికి మూత ఉంచండి.

ప్రశ్న: ఏడాదిలో ఐదు గప్పీలు దాదాపు వంద అయ్యాయి. దోమలు కూడా తగ్గుతాయి కదా అని వీటిని మా ఊరి పొలం కాలువలో వదలాలనుకుంటున్నాము.
– ఒక పాఠకుడు, బుచ్చిరెడ్డిపాళెం

జవాబు: దయచేసి వదలవద్దు. దోమల పిల్లలను తింటాయని గప్పీనీ, గంబూసియానూ ప్రజారోగ్య శాఖలు వాడే మాట నిజమే. గంబూసియాను మన దేశానికి 1928 లోనే తెచ్చారు. కానీ ఈ చేపలు దోమల దగ్గరే ఆగవు. పరిగెల వంటి మన చిన్న చేపల గుడ్లనూ, పిల్లలనూ తింటాయి, మేతకు పోటీ పడతాయి. మీ కాలువలో వదిలినది కాలువలోనే ఉండిపోదు. నీటి వెంట కనిగిరి రిజర్వాయరు పరిధిలోని చెరువులన్నిటికీ చేరగలదు. తొట్టిలో పాచి తింటుందని కొని, పెద్దదయ్యాక చెరువులో పారేసిన సక్కర్ చేప నేడు జాలరుల వలలను చింపుతూ దెయ్యం చేపగా పేరు తెచ్చుకున్న సంగతి మీకు తెలిసే ఉంటుంది. మీ ఆవరణలో పొంగి బయటికి పారని సిమెంటు తొట్టి ఏదైనా ఉంటే, అందులో పది గప్పీలను వేస్తే దోమల పని అక్కడ తప్పక చేస్తాయి. మిగిలినవాటిని నెల్లూరులోని దుకాణాలు తీసుకుంటాయేమో అడగండి; డబ్బు రాకపోయినా మేత పొట్లమో, నాచు కట్టో రావచ్చు. ఆ తరువాత ఇంట్లో ఆడవాటినో, మగవాటినో, ఒక్క రకాన్నే ఉంచుకోండి. మగవాటినైతే మరీ మంచిది, ఎందుకంటే ఆడవి ఇప్పటికే నిల్వ చేసుకున్నదానితో ఇంకా కొన్ని నెలలు మీకు పని చెబుతూనే ఉంటాయి.