అల్లికల ప్రశ్నలు: చదరం వంకర పోతోందా, చెయ్యి నొప్పెడుతోందా?

ఈసారి ప్రశ్నల్లో చాలావరకు గ్రానీ స్క్వేర్ గురించే వచ్చాయి, అంటే క్రోషే హుక్‌తో మధ్య నుంచి బయటికి చుట్టు తర్వాత చుట్టుగా అల్లే చదరం. జవాబుల్లో డబుల్ క్రోషే అన్న చోటల్లా అమెరికన్ లెక్కే తీసుకోండి: హుక్ మీద దారం ఒకసారి చుట్టి, గుచ్చి, లూప్ పైకి లాగి, రెండేసి లూపుల చొప్పున రెండుసార్లు తీసే కుట్టు. బ్రిటిష్ ప్యాటర్న్‌లలో దీన్నే ట్రెబుల్ అంటారు. మీ దగ్గరున్న ప్యాటర్న్ ఏ లెక్కలో రాశారో ముందే చూసుకోండి.

ప్రశ్న: మూడు చుట్లు బాగానే వస్తున్నాయి. నాలుగో చుట్టు నుంచి అంచులు కుచ్చిళ్లు పడుతున్నాయి. అదే ప్యాటర్న్‌తో మా అక్క అల్లితే చదరం గిన్నెలా ముడుచుకుంటోంది. ఇద్దరం లెక్క ప్రకారమే వేస్తున్నాం. తేడా ఎక్కడండీ?

ముందు ఆ లెక్కనే ఒకసారి సరిచూడండి. ఒకే చోట వేసిన మూడు డబుల్ క్రోషే కుట్లు కలిస్తే ఒక గుత్తి. ఎన్నో చుట్టు అల్లుతున్నారో, మూల నుంచి మూలకు అన్ని గుత్తులే ఉండాలి. నాలుగో చుట్టులో పక్కకు 4 చొప్పున మొత్తం 16 గుత్తులు, అంటే 48 కుట్లు. చుట్టు మొదట్లో వేసే 3 చైన్లు (హుక్ మీది లూప్‌లోంచి దారం లాగితే వచ్చే గొలుసు కుట్లు) ఒక కుట్టు కింద లెక్క. మూలలు ఎప్పుడూ నాలుగే. పక్క సందులో, అంటే కింది చుట్టులో రెండు గుత్తుల మధ్య ఖాళీలో, వెయ్యాల్సిన ఒక గుత్తికి బదులు పొరపాటున రెండు గుత్తులు, మధ్యలో చైన్లు వేస్తే అక్కడ ఐదో మూల పుడుతుంది, కుచ్చిళ్లూ అక్కడి నుంచే మొదలవుతాయి.

లెక్క సరిపోయిందా, ఇక మిగిలింది దారం బిగువు. మీ ఇద్దరి మధ్య తేడా దాదాపు కచ్చితంగా ఇదే. ప్యాటర్న్‌లలో ఎక్కువగా మూలకు 2 చైన్లు, గుత్తికీ గుత్తికీ మధ్య 1 చైన్ అని ఉంటుంది. మీరు వదులుగా అల్లుతున్నట్టున్నారు, ఆ మధ్య చైన్ మీకు అక్కర్లేదు. పక్కల్లో దాన్ని మానేసి, గుత్తి పక్కనే గుత్తి వెయ్యండి. మూల చైన్లను మాత్రం కదపకండి. మీ అక్కగారి చేతిలో బయటి చుట్టు పొడవు చాలక లోపలికి లాగేస్తోంది. ఆవిడ మూలకు 3 చైన్లు వేసి చూడాలి. అప్పటికీ ముడుచుకుంటే హుక్ అర మిల్లీమీటరు పెంచాలి, అంటే 4 మి.మీ. స్థానంలో 4.5. రెండు మార్పులూ ఒకేసారి చేస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు, కాబట్టి ఒకదాని తర్వాత ఒకటి.

ఇంకొకటి దగ్గరగా గమనించండి. సందులో గుచ్చి మొదట పైకి లాగే లూప్ ఎంత ఎత్తుంటే కుట్టు దాదాపు అంత ఎత్తు వస్తుంది. బిగువుగా అల్లేవాళ్లు దాన్ని సందు అంచు దగ్గరే ఆపేసి, మిగతా రెండు లాగుళ్లూ అక్కడే కానిచ్చేస్తారు. కుట్టు పొట్టిదవుతుంది, చదరం మధ్యలో ఉబ్బుతుంది. ఆ ఒక్క లూప్‌ని మొదటి 3 చైన్ల ఎత్తులో సగానికి కాస్త తక్కువ దాకా తెచ్చి ఆపడం అలవాటు చేసుకుంటే చాలామందికి హుక్ మార్చే అవసరమే రాదు.

ప్రశ్న: చదరం చదునుగానే ఉంది కానీ చుట్టు చుట్టుకీ ఒక పక్కకి తిరిగిపోతోంది. నాలుగు మూలలూ ఎదురెదురుగా నిలవడం లేదు.

కుట్టు పైభాగం దాని కాడకు సరిగ్గా నెత్తిన కూర్చోదు, కొంచెం పక్కకు ఉంటుంది. అన్ని చుట్లూ ఒకే దిక్కుగా అల్లితే ఆ కొంచెమే పోగుపడి చదరం తిరుగుతుంది. ప్రతి చుట్టు అయ్యాక పని వెనక్కి తిప్పి అల్లండి, ఒక చుట్టు వాలు ఇంకో చుట్టుతో సరిపోతుంది.

ఇలా తిప్పడానికి చుట్టును మూలలోనే మొదలుపెట్టి మూలలోనే ముగించాలి. మూల సందులో 3 చైన్లు, 2 డబుల్ క్రోషేలు వేసి బయల్దేరండి. చుట్టూ తిరిగొచ్చి అదే సందులో 3 డబుల్ క్రోషేలు, 2 చైన్లు వేసి, మొదటి 3 చైన్ల కొసన స్లిప్ స్టిచ్‌తో (గుచ్చి, దారాన్ని హుక్ మీది లూప్‌లోంచి కూడా ఒకేసారి లాగేసే కుట్టు) కలపండి. ఇప్పుడు తిప్పితే కొత్త మూల సందు మీ హుక్ పక్కనే ఉంటుంది, ఒక్క స్లిప్ స్టిచ్‌తో అందులోకి దిగొచ్చు. కుట్ల మీదుగా పాకుతూ వెళ్లే పని ఉండదు. చుట్టు విడిచి చుట్టు వెనక ముఖం కనిపిస్తుంది, కాబట్టి అన్ని చదరాలకూ ఒకే పద్ధతి పాటించండి.

ప్రశ్న: మధ్యలో మ్యాజిక్ రింగ్ వెయ్యాలా, చైన్ రింగా?

మ్యాజిక్ రింగ్ అంటే కొస లాగితే బిగుసుకునే దారపు ఉచ్చు, చైన్ రింగ్ అంటే చైన్లను గుండ్రంగా కలిపింది. గరుకైన ఊలుకైతే ఏదైనా పరవాలేదు. నున్నటి కాటన్ దారంతో మ్యాజిక్ రింగ్ వేసి, కొసను ఒక్క దిక్కునే దాచేస్తే ఉతుకుల్లో మెల్లగా విప్పుకుంటుంది. దానికి 4 చైన్లు వేసి స్లిప్ స్టిచ్‌తో కలిపిన రింగే భద్రం. ఏ రింగయినా 15 సెం.మీ. కొస వదలండి. మొద్దు మొనున్న సూదితో ఒక దిక్కుకు, తిరిగి వెనక్కి, మళ్లీ ముందుకు మూడుసార్లు దాచండి. ముడి వేస్తే చేతికి తగులుతూ ఉంటుంది, పైగా జారితే పట్టుకోవడానికి కొసే మిగలదు.

ప్రశ్న: అరగంట అల్లేసరికి బొటనవేలి మొదలు, మణికట్టు లాగేస్తున్నాయి. వాడేది మామూలు 4 మి.మీ. అల్యూమినియం హుక్. ఎలాంటి హుక్ కొనుక్కోవాలి?

మీ హుక్ పిడి కూడా సుమారు 4 మి.మీ. మందమే. అంత సన్నటి కడ్డీ వేళ్ల మధ్య తిరగకుండా ఉండాలంటే గట్టిగా నొక్కి పట్టాలి, నొప్పి అక్కడే మొదలవుతుంది. పిడి లావైతే ఆ నొక్కుడు తగ్గుతుంది. ఎంత లావన్నది చేతిని బట్టి ఉంటుంది కాబట్టి, కొనేముందు ఉన్న హుక్‌కే పరీక్ష చెయ్యండి. బొటనవేలు ఆనే చదును భాగానికి వెనకగా స్పాంజి పట్టీ గానీ మెత్తటి గుడ్డ గానీ చుట్టి, దారంతో కట్టి రెండు రోజులు అల్లండి. మందం పెంచుతూ తగ్గిస్తూ చూస్తే మీ చేతికి ఏది హాయిగా ఉందో తేలిపోతుంది. అప్పుడు అదే మందంలో రబ్బరు పిడి హుక్ తీసుకోండి. మందంతో పాటు బరువు పెరగకూడదు. బరువైన అలంకారపు పిడి చూడ్డానికి బాగున్నా మణికట్టు దాన్ని ప్రతి కుట్టుకీ మోయాలి.

పొడవు కూడా చూడండి. కత్తి పట్టుకున్నట్టు పైనుంచి పట్టేవాళ్లకు పిడి చివర అరచేతి మధ్యలో ఆగితే అక్కడ గుచ్చుకుంటుంది. అది అరచెయ్యి దాటి బయటికి రావాలి. పెన్ను పట్టులో అల్లేవాళ్లకు పొట్టి పిడీ సరిపోతుంది.

ఇక తల. కొన్ని హుక్‌లలో తల, కాడ ఒకే మందంలో ఉండి గంటు లోతుగా కోసినట్టుంటుంది, దాన్ని ఇన్‌లైన్ అంటారు. కొన్నిటిలో మెడ సన్నబడి, ఆ తర్వాతే కాడ అసలు మందానికి వస్తుంది, అది టేపర్డ్. హుక్ మీద రాసిన 4 మి.మీ. అన్న కొలత ఆ కాడది. టేపర్డ్ హుక్‌తో అల్లేటప్పుడు లూపుల్ని సన్నటి మెడ దగ్గరే ఉంచేస్తే అవి 4 మి.మీ. లూపులు కావు, బిగుసుకుపోతాయి. తర్వాతి కుట్టుకు తల దూర్చడానికి మణికట్టు మెలిపెట్టాల్సి వస్తుంది. చదరం ముడుచుకోవడానికీ చెయ్యి నొప్పెట్టడానికీ చాలాసార్లు ఇదే కారణం. లూప్‌ని కాడ మీదికి జరిపి కుట్టు పూర్తి చెయ్యండి. ఆ అలవాటు పట్టుబడకపోతే ఇన్‌లైన్ మేలు. బిగువుగా అల్లే చేతికి నున్నటి లోహపు హుక్ సులువు, వదులు చేతికి వెదురు లేదా చెక్క హుక్ దారాన్ని కాస్త ఆపుతుంది.

ఎడమ చేతినీ మర్చిపోకండి. ఉండ నుంచి దారం ప్రతి కుట్టుకీ గుంజుకోవాల్సి వస్తే ఆ లాగుడంతా చిటికెన వేలి మీదే పడుతుంది. ముందే మీటరో రెండు మీటర్లో లాగి వదులుగా పెట్టుకోండి. మోచేతుల కింద దిండు పెట్టుకోండి. ఇరవై నిమిషాలకోసారి హుక్ కింద పెట్టి వేళ్లు చాచండి.

బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు తిమ్మిరెక్కుతున్నా, రాత్రిపూట ఆ తిమ్మిరికి మెలకువ వస్తున్నా అది హుక్‌తో తీరేది కాదు. మణికట్టులో నరం నొక్కుకుంటోందేమో డాక్టరు చూడాలి. పట్టీ కట్టుకుని అల్లుతూ పోవద్దు.

ప్రశ్న: నల్ల దారంతో సందులు కనిపించడం లేదు. హుక్ దారం పోగుల మధ్యలోకి దిగిపోతోంది.

ఒళ్లో తెల్ల గుడ్డ పరుచుకోండి, సందులు వెలుగుగా కనిపిస్తాయి. వెలుతురు పక్క నుంచి పడాలి. పోగులు చీలుతున్నాయంటే మొన సూదిగా ఉన్న హుక్ వాడుతున్నారు, గుండ్రటి మొన ఉన్నది తీసుకోండి. గ్రానీ స్క్వేర్‌లో కుట్టులో కాదు, సందులో గుచ్చుతాం కాబట్టి నల్ల దారానికి ఇంతకంటే అనువైన అల్లిక దొరకదు.

ప్రశ్న: చదరాలన్నీ ఒక్క సైజులో రాలేదు. కలపొచ్చా?

అర సెంటీమీటరు తేడా బ్లాకింగ్‌తో, అంటే తడిపో ఆవిరి పట్టో కొలతకు సర్దడంతో, సరిపోతుంది. అంతకు మించితే చివరి చుట్టు విప్పి వేరే హుక్‌తో అల్లండి. ఊలు, కాటన్ చదరాలను తడిపి, పిండకుండా తువ్వాలులో ఒత్తి, కావలసిన కొలతకు నాలుగు మూలలా తుప్పు పట్టని పిన్నులు గుచ్చి పూర్తిగా ఆరనివ్వండి. అక్రిలిక్‌కైతే ఇస్త్రీ పెట్టెను తాకించకుండా పైనుంచి ఆవిరి పట్టాలి. తాకిందంటే పోగు మెత్తబడి, సాగి, మళ్లీ ముందులా కాదు.

ప్రశ్న: 120 × 150 సెం.మీ. దుప్పటికి ఎంత దారం కొనాలి?

అసలు దారంతో ఒక చదరం అల్లి, బ్లాక్ చేసి, కొలిచి, తూకం వెయ్యండి. అది 15 సెం.మీ. వస్తే అడ్డం 8, నిలువు 10, మొత్తం 80 చదరాలు కావాలి. ఒక్కోటి 14 గ్రాములు తూగితే 1120 గ్రాములు. కలపడానికి, అంచుకు, దాచే కొసలకు మరో 15 నుంచి 20 శాతం కలుపుకుంటే దాదాపు 1300 గ్రాములు. చదరాలు కలపడానికి, అంచుకు వాడే రంగు మాత్రం మొత్తం ఒకే డై లాట్‌లో (ఒకేసారి రంగు వేసిన దారం), మొదట్లోనే కొనిపెట్టుకోండి. లాట్ మారితే ఆ రంగు తేడా దుప్పటి పొడవునా గీతలా కనిపిస్తుంది.