విడివిడిగా తక్కువే అన్నారు, ఆ ఆకుకూర తినొచ్చా?

ప్రశ్న: విజయవాడ శివారులో అర ఎకరంలో తోటకూర, పాలకూర, గోంగూర వేస్తున్నాం. పక్కనే చాలా ఏళ్లు పాత బ్యాటరీలు పగలగొట్టిన షెడ్డు ఉంది. మట్టి పరీక్షలో సీసం, కాడ్మియం రెండూ వచ్చాయి. 'విడివిడిగా చూస్తే మరీ ఎక్కువ కాదు' అన్నారు. ఇంట్లో నాలుగేళ్ల మనవరాలుంది. తినొచ్చా?

జవాబు: ఆ మడిలో ఆకుకూర ఇవాళ్టి నుంచే పాపకు పెట్టకండి.

'విడివిడిగా' అన్న మాటను నమ్ముకోవద్దు. మన ఒంట్లోకి ఆ రెండూ కలిసే వెళతాయి. సీసాన్ని కాల్షియం అనుకుని ఒళ్లు ఎముకల్లో దాచుకుంటుంది. కాడ్మియం కిడ్నీల్లో చేరితే 10 నుంచి 30 ఏళ్లకు గానీ సగం తగ్గదు. కిడ్నీలను రెండూ దెబ్బతీస్తాయి కాబట్టి, ఒక్కొక్కటీ తక్కువే అయినా భారం కలిసి పడుతుంది. పైగా సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంత వరకు పర్లేదు అనే మోతాదు దానికి లేదు. జపాన్‌లో జింజు నది నీళ్లతో పండిన బియ్యం తిన్న ఆడవాళ్లకు ఎముకలు పెళుసై విరిగాయి. కారణం కాడ్మియమేనని అక్కడి ప్రభుత్వం 1968లో ఒప్పుకుంది.

నాకు ఎక్కువ టెన్షన్ ఇంకొకటి. ఒంట్లో ఐరన్ తక్కువైతే పేగులు ఈ రెండింటినీ మరింత పీల్చుకుంటాయి. మన ఇళ్లలో ఆడవాళ్లకు, పిల్లలకు రక్తం తక్కువగా ఉండటం మామూలే కదా. పాప హుషారుగానే ఉంది అని ఆగకుండా, పిల్లల డాక్టర్‌కి ఈ షెడ్డు సంగతి చెప్పి రక్తంలో సీసం, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించండి. షెడ్డు వైపు మట్టిలో ఆడనివ్వకండి, అన్నానికి ముందు చేతులు కడిగించండి.

ఆకు మీది దుమ్ముతో వచ్చే సీసం కడిగితే చాలావరకు పోతుంది. వేరు నుంచి ఆకులోకి ఎక్కిన కాడ్మియం కడిగినా ఉడికించినా పోదు. అందుకే ఆ మడిలో ఆకుకూరలు మానేసి బంతి, చామంతి వేయండి. కాయల్లోకి లోహాలు తక్కువగా చేరతాయి కాబట్టి బెండ, టమాటా కొంత నయం, అయినా కాయ పరీక్ష చేయించాకే తినండి. లోహాలు మొక్కలోకి ఎక్కకుండా సున్నం చల్లమని ఎవరైనా చెప్పినా తొందరపడకండి. అది పులుపు నేలలకు పనిచేస్తుంది, పీహెచ్ (మట్టి పులుపును చెప్పే అంకె, పెరిగితే పులుపు తక్కువ) 7.5 దాటిన నల్లరేగడికి ఉపయోగం ఉండదు. మట్టిలో జింకు లోపముంటే కాడ్మియం ఎక్కువగా ఎక్కుతుంది, అలా తేలితే అర ఎకరానికి 10 కిలోల జింక్ సల్ఫేట్ వేయండి.

గేదెలుంటే ఆ గట్టు గడ్డి మేపకండి. బ్యాటరీ ముక్కలు నాకిన పశువు చూపు పోయి, పళ్లు నూరుతూ చనిపోవచ్చు.

ఇప్పుడు కోతకొచ్చిన కూరను రైతు బజారుకు కూడా పంపకండి. ముందు ఆకును పరీక్షకు ఇవ్వండి. కిలోకు సీసం 0.3, కాడ్మియం 0.2 మిల్లీగ్రాములు దాటితే ఆ పంట ఎవరి పళ్లెంలోకీ వెళ్లకూడదు.