కానోపీ మూల లేస్తోంటే లాచ్ బిగించి లాగేయవచ్చా?

బాబూ, చీపురుపల్లిలో ఇంటి వెనక షెడ్డులో రెండు సీట్ల విమానం కడుతున్నానని, కాక్‌పిట్ మీది అద్దంలాంటి మూత, అదే కానోపీ, మూసినా వెనక కుడి మూల 3 మి.మీ. పైకి లేస్తోందని రాశారు. లాచ్ (గడియ) హుక్‌ని ఇంకా బిగించి ఆ మూలను కిందికి లాగేయవచ్చా అని అడిగారు. లాగకండి. నేను ఎయిర్‌ఫోర్స్‌లో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను. గజపతినగరం దగ్గర పాత రైసుమిల్లు షెడ్డులో మా మేనల్లుడు కడుతున్న విమానానికి ఇదే పని చేశాను, సరిగ్గా ఇదే తప్పు చేశాను.

మాదీ మీలాగే ముందు కీలు మీద లేచే కానోపీ. మూల లేస్తోందని, హ్యాండిల్‌ని హుక్‌కి కలిపే కడ్డీ (పుష్ రాడ్) పొడవు తగ్గించి హుక్‌తో లాగించాను. చూడటానికి చక్కగా కూర్చుంది. తోకను చింతచెట్టుకు కట్టి, చక్రాలకు దిమ్మలు వేసి ఇంజిన్ రేస్ చేశాం. రెండు నిమిషాలకే హ్యాండిల్ టప్పున వెనక్కి తన్నింది, కానోపీ జానెడు లేచింది. లోపలున్న మేనల్లుడు రెండు చేతులతో ఫ్రేమ్‌ని పట్టుకున్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

డ్రమ్ము మూతకు వేసే క్లాంపు చూసే ఉంటారు. మీట మధ్యగీత దాటి అవతలికి పడితేనే బిగుసుకుంటుంది, దాటకపోతే ఎంత నొక్కినా తిరిగి తన్నేస్తుంది. ఈ లాచ్ పనీ అంతే. రాడ్ కురచ చేయడంతో మా హ్యాండిల్ ఆ గీత దాటలేదు. వంగి ఉన్న ఫ్రేమ్ కింద నుంచి స్ప్రింగులా తంతూనే ఉంది, ఇంజిన్ అదురు తోడైంది.

గాలిలో అయితే ఇంకా కష్టం. గంటకు 180 కి.మీ. వేగంలో ఎదురుగాలి ఒత్తిడి చదరపు మీటరుకు 150 కిలోల పైమాటే. అందులో సగం బలంతో కానోపీని పైకి పీల్చినా, ఒక మనిషి బరువంత లాగుడు ఆ రెండు హుక్కుల మీదే పడుతుంది.

అందుకే ముందు లాచ్ మొత్తం విప్పేయండి. ఏ బలమూ పెట్టకుండా కానోపీ తనంతట తాను నాలుగు మూలలా ఆనాలి. ఆనకపోతే తప్పు ఫ్రేమ్‌లోనో కీళ్లలోనో ఉంది, అక్కడే సరిచేయాలి. ఇంకో సంగతి, కానోపీకి వాడే అద్దంలాంటి ప్లాస్టిక్, అక్రిలిక్, ఎండకు అల్యూమినియం ఫ్రేమ్ కంటే మూడు రెట్లు సాగుతుంది. ఉదయానికీ మధ్యాహ్నానికీ 20 డిగ్రీల తేడా ఉంటే మీటరు పొడవుకు రెండింటి మధ్య దాదాపు 1 మి.మీ. తేడా వస్తుంది. మన రేకుల షెడ్డులో మే నెలలో ఆ తేడా రావడం కష్టమేమీ కాదు. అందుకే అక్రిలిక్‌లో రంధ్రం స్క్రూ కంటే కాస్త పెద్దదిగా ఉండాలి. మామూలు డ్రిల్ బిట్ కొరికి పగలగొడుతుంది, దాని అంచును కొద్దిగా మొద్దు చేసి, వెనక చెక్క ఆన్చి వేయండి. లోక్‌టైట్ (మరలు వదులు కాకుండా వేసే జిగురు), పెట్రోలు, అసిటోన్ అక్రిలిక్ దగ్గరికి రానివ్వకండి, సన్నని పగుళ్లు పడతాయి.

ఫ్రేమ్ కూర్చున్నాక లాచ్ పెట్టండి. హుక్ ఎక్కడ పడుతోందో తెలియడానికి నేను హుక్ తగులుకునే పిన్ను మీద మా ఆవిడ కాటుక పల్చగా రాసి మూసి తెరిచాను. కుడి హుక్ మీద మొత్తం నల్లగా అంటింది, ఎడమ హుక్ కొస మీద మాత్రం గోరంత మచ్చ. అంటే అది కొసతోనే పట్టుకుంటోంది. రాడ్‌ని అర చుట్టు తిప్పడం, మళ్లీ కాటుక రాయడం. రెండు హుక్కులూ సమానంగా అంటుకునేసరికి పూట గడిచింది. తిరిగే కీలు బోల్టులన్నింటికీ కాజిల్ నట్ (పైన గాళ్లున్న నట్), అది తిరిగి ఊడకుండా గాళ్లలోంచి స్ప్లిట్ పిన్ వేయండి.

ఈ లాచ్ కాక విడిగా ఇంకో కొక్కెం తప్పకుండా పెట్టండి. లాచ్ ఊడినా అది కానోపీని పట్టి ఉంచాలి. హుక్ పూర్తిగా పడకపోతే ప్యానెల్ మీద ఎర్ర లైటు వెలిగేలా చిన్న మైక్రో స్విచ్ పెడితే ఇంకా మంచిది. బయట నుంచి కూడా హ్యాండిల్ తెరుచుకోవాలి, ఏదైనా అయితే మిమ్మల్ని బయటికి లాగాల్సింది బయటివాళ్లే. ఎంత బాగా కుదిరినా పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అనుమతి వచ్చేదాకా నేల విడవకండి.

లాచ్ విప్పాక ఆ మూల ఎంత లేచిందో పొద్దున ఆరింటికొకసారి, మధ్యాహ్నం రెండింటికొకసారి కొలిచి, రెండు అంకెలూ ఇక్కడ రాయండి. చూసి చెబుతాను.