సేఫ్టీ డిప్లొమా ఉన్నా అందరూ రెండేళ్ల అనుభవం అడుగుతున్నారన్న ప్రశ్నకు సమాధానం

చిక్కు మీ డిప్లొమాతో కాదు, అప్లై చేసే పోస్టుతో. ఒంగోలు నుంచి మీరు పంపినవన్నీ సేఫ్టీ ఆఫీసర్ ఉద్యోగాలకే. ఫ్రెషర్‌ని అందులోకి తీసుకోరు.

1. కంపెనీని వదిలి కాంట్రాక్టర్‌ని పట్టుకోండి. కృష్ణపట్నం, నేలటూరు వైపు థర్మల్ ప్లాంట్లలో యూనిట్ ఆపి ఓవర్‌హాల్ (పూర్తి మరమ్మతు) చేసేటప్పుడు కాంట్రాక్టర్లకు సేఫ్టీ సూపర్‌వైజర్లు కావాలి. కొద్ది వారాల పనే, అయినా వెళ్లండి. ఎత్తులో పని, వెల్డింగ్, ట్యాంకుల్లోకి దిగడం, వీటి పర్మిట్లన్నీ (పని మొదలుపెట్టే ముందు రాసిచ్చే అనుమతులు) ఒక్కచోటే చూస్తారు.

2. చీమకుర్తి క్వారీలు గనుల చట్టం కిందికొస్తాయి, అక్కడ మేట్, ఫోర్‌మన్ (గనుల్లో పని చూసుకునే పర్యవేక్షకులు) సర్టిఫికెట్లు అడుగుతారు. అందుకే క్వారీలకు బదులు గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లలో అడగండి. రాతి దుమ్ము, చప్పుడు, క్రేన్లు: నేర్చుకోడానికి కొదవలేదు.

3. అందరూ వదిలేసేది ఇదే. చేరిన రోజే పీఎఫ్ కడతారా అని అడగండి, మీరు అక్కడ పనిచేశారనడానికి అదే రుజువు. నేను ఒకచోట ఏడు నెలలు చేశా, పీఎఫ్ లేదు. అనుభవం లెటర్ అడిగేసరికి వాళ్లు సైట్ ఎత్తేసి పోయారు. ఆ ఏడు నెలలూ గాల్లో కలిసిపోయాయి. లెటర్‌లో తేదీలు, హోదాతో పాటు చేసిన పనులు కూడా రాయించుకోండి. "పనితీరు బాగుంది" అని రాసిస్తే దేనికీ పనికిరాదు.

4. రోజూ నోట్‌బుక్‌లో రాయండి: ఏ పర్మిట్ చూశారు, టూల్‌బాక్స్ టాక్‌లో (పనికి ముందు కూలీలకు చెప్పే చిన్న సేఫ్టీ మాటల్లో) ఏం చెప్పారు, తృటిలో తప్పిన ప్రమాదం ఏది. ఇంటర్వ్యూలో అడిగేవి ఇవే.